ఆయా చెప్పిన మాట

మూడేళ్ల కింద మా ఆశ్రమంలో ఒక అవ్వకు పడక పుండు పడింది. కర్నూలులో కల్లూరు దాటిన తరువాత ఉన్న ఈ వృద్ధాశ్రమానికి నేను సూపరింటెండెంటుగా వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. అంతకు ముందు 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పని చేశాను. మంచం పట్టిన మనిషికి పుండు పడకుండా ఎలా చూసుకోవాలో ఎన్నో బ్యాచ్‌ల విద్యార్థినులకు నేర్పాను. అయినా ఆ పుండు నా కళ్లెదుటే పడింది, దానికి కారణం కూడా నేనే. వృద్ధాశ్రమాల్లో పనిచేసేవారికి ఉండవలసిన నేర్పు గురించి, వాళ్లను నడిపించేవారి బాధ్యత గురించి నాకు ఇప్పుడు తెలిసినదంతా ఆ పుండు దగ్గరే మొదలయింది కనుక ముందు దాన్ని గురించే రాస్తాను.

ఆమెది కోడుమూరు దగ్గర పల్లె. పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి, మాట సగమే వచ్చేది. తనంతట తాను పక్కకు ఒత్తిగిలలేని మనిషి కాబట్టి రెండు గంటలకు ఒకసారి తిప్పి పడుకోబెట్టేవాళ్లం. ఒకరోజు తెల్లవారుజామున రాత్రి డ్యూటీ ఆయా నా గదికి వచ్చి, "మేడం, అవ్వకి నడుం కింద ఒకచోట కాలుతాండాది, గట్టిగ గూడా ఉండాది, ఒకసారి సూడండి" అని చెప్పింది. నేను వెళ్లి అవ్వను పక్కకు తిప్పించి ట్యూబ్‌లైటు వెలుతురులో చూశాను. ఎర్రదనం ఎక్కడా కనిపించలేదు. వేలితో నొక్కి చూశాను, తేడా ఏమీ తెలియలేదు. రాత్రంతా ఒకే పక్కన పడుకోబెట్టి ఉంటావు, అందుకే ఒళ్లు వెచ్చబడింది, తిప్పడం మానేసి నాకొచ్చి చెప్పడం దేనికి అని అప్పుడే పొద్దుటి డ్యూటీకి వచ్చిన ఇద్దరు ఆయాల ముందే ఆమెను మందలించాను. మరుసటి రోజు ఆమె మళ్లీ వచ్చి అదే మాట ఇంకాస్త మెల్లగా చెప్పింది. నాకు నేర్పవద్దమ్మా అన్నాను. ఆ తరువాత ఆమె చెప్పలేదు. తొమ్మిదో రోజున అవ్వకు స్నానం చేయిస్తుండగా, వెన్నెముక చివర, ఆయా చూపించిన సరిగ్గా అదే చోట, చర్మం ఊడి వచ్చింది.

నేను నేర్చుకున్న పాఠం ప్రకారం పడక పుండుకు మొదటి గుర్తు ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు ఒక్క క్షణం తెల్లబడి తిరిగి వచ్చిందంటే రక్తప్రసారం బాగుందని, తెల్లబడకుండా అలాగే నిలిచిపోయిందంటే లోపలి కండకు దెబ్బ తగిలిందని అర్థం. ఆ పాఠం తెల్లని చర్మాన్ని చూసి రాసినది. ఎండలో పత్తి తీసి, వేరుశనగ పీకి నల్లబడిన ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు. మచ్చ ఉంటే చుట్టుపక్కల చర్మం కన్నా కొంచెం ముదురుగా, ఊదా ఛాయలో ఉంటుంది. అది కూడా పగటి వెలుతురులో, అలవాటైన కంటికే కనిపిస్తుంది. అంతకన్నా ముందుగా తెలిసేవి చేతితో తెలుస్తాయి: ఆ చోటు పక్కనున్న చర్మం కన్నా వెచ్చగా ఉంటుంది, గట్టిగానో లేక మెత్తబడి గుజ్జుగానో తగులుతుంది, మాట వచ్చిన వారైతే అక్కడ నొప్పి ఉందని చెబుతారు. ఆయా చెప్పిన రెండు గుర్తులూ, కాలుతున్నది, గట్టిగా ఉన్నది అన్నవి, ఇవాళ్టి నర్సింగ్ మార్గదర్శకాలు నల్లని చర్మం ఉన్నవారిలో మొదట చూడమని చెప్పే గుర్తులే. పుస్తకం చదవని మనిషి చేయి పెట్టి కనిపెట్టిన దానిని, పుస్తకం చదివిన నేను కళ్లతో చూసి లేదని తేల్చేశాను.

పుండు పడిన తరువాత, మూడోసారి ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాను. కోపంతో అడగలేదు, కానీ నా మీద ఆమెకు ఏర్పడిన భయం అప్పటికి పోలేదు. "రెండు దినాలు చెప్పినా కద మేడం. ఇంకోసారి చెప్తే పనిలోంచి తీసేస్తారేమో అనుకున్న్యా. ఇంటికాడ ఇద్దరు పిల్లోల్లు" అని తల దించుకుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అవ్వను కాపాడగలిగిన తెలివి ఆ తొమ్మిది రోజులూ ఆశ్రమంలోనే ఉంది, రాత్రికి నాలుగుసార్లు అవ్వ ఒంటిని తాకుతూనే ఉంది. దాన్ని నోరు తెరవనివ్వనిది నేను.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. పెద్దాసుపత్రిలో సర్జన్ గారు చచ్చిన చర్మాన్ని కోసి తీసిన రోజున పుండు లోతు నా చూపుడు వేలి మొదటి కణుపు దాకా ఉంది. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను. నొప్పి పుట్టినప్పుడు అవ్వ కుడి చేతితో నా కొంగు పట్టుకునేది, మాట సరిగా రాదు కనుక అంతకు మించి ఏమీ చేయలేకపోయేది. ఆ తరువాత రెండేళ్లు బతికి వేరే జబ్బుతో పోయింది. పోయేనాటికి ఆమె ఒంటి మీద పుండు లేదు.

పడక పుండుకు సంబంధించి నేను చేసిన తప్పు అదొక్కటే కాదని తరువాత తెలిసింది. 1980ల్లో మాకు నేర్పిన వీపు సంరక్షణలో స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, ఎముక ఉబ్బి ఉన్న చోట్లను బాగా రుద్దమని చెప్పేవారు. పిరుదుల కింద గాలి రింగు పెట్టమనేవారు. ఈ రెండూ మేలు చేయకపోగా కీడు చేస్తాయని ఇప్పుడు అందరూ ఒప్పుకున్న విషయం. అప్పటికే దెబ్బతిన్న చోటును రుద్దితే లోపలి సన్నని రక్తనాళాలు ఇంకా చితుకుతాయి, రింగు తన అంచు వెంబడి చుట్టూ ఒత్తిడి పెట్టి మధ్య భాగానికి రక్తం అందనీయదు. స్పిరిట్ వల్ల చర్మం ఎండిపోతుంది. నేను ఆశ్రమానికి వచ్చిన తొలి రెండేళ్లూ ఆయాలందరికీ ఈ పాత పద్ధతినే నేర్పాను. ఆసుపత్రిలోనైతే కొత్తగా చదువుకుని వచ్చిన డాక్టరో, ట్యూటరో ఎవరో ఒకరు సరిదిద్దుతారు. ఇరవై ముప్పైమంది ఉండే ఆశ్రమంలో సూపరింటెండెంటును సరిదిద్దేవారు ఉండరు. ఆమెకు తెలిసినదే అక్కడ వైద్యం, ఆమెకు తెలియనిది అక్కడ లేనట్టే. అందుకే సిబ్బందికి శిక్షణ లేదని తల పట్టుకునే నిర్వాహకులందరూ, మనం చివరిసారి కొత్త విషయం ఎప్పుడు నేర్చుకున్నాం అన్న ప్రశ్న ముందు తమకు వేసుకోవాలని నా అభిప్రాయం. ఇప్పుడు మేము మడమలు పరుపును తాకకుండా పిక్కల కింద దిండు పెడతాం, పూర్తిగా పక్కకు తిప్పకుండా తుంటి ఎముక మీద బరువు పడని విధంగా ముప్పై డిగ్రీల మేర మాత్రమే ఒరిగించి వీపు వెనుక దిండు ఆనిస్తాం.

ఇక ఆ రాత్రుల లెక్క ఒకటి ఉంది. నేను ఆయాను తిట్టినప్పుడు ఆమె అవ్వను సరిగా తిప్పడం లేదని అనుమానించాను. తరువాత కాగితం మీద లెక్క వేసి చూస్తే నాకే సిగ్గు వేసింది. అప్పుడు మా దగ్గర 38 మంది ఉండేవారు, అందులో ఏడుగురు మంచం దిగలేనివారు. ఒక మనిషిని తిప్పడమంటే దుప్పటి తీయడం, తడిసిన గుడ్డ మార్చడం, తుడవడం, ఒరిగించి దిండ్లు సర్దడం. తొందరపడకుండా చేస్తే పది నిమిషాలు పడుతుంది. ఏడుగురికి 70 నిమిషాలు. రెండు గంటలకు ఒకసారి తిప్పాలి కాబట్టి ప్రతి 120 నిమిషాల్లో 70 నిమిషాలు ఆ ఒక్క పనికే పోవాలి. మిగిలిన 50 నిమిషాల్లో మరో 31 మందిలో ఎవరు బాత్రూముకు లేచినా తోడు వెళ్లాలి, ఎవరికి దగ్గు తెర వచ్చినా కూర్చోబెట్టాలి, గేటు దాటి వెళ్లిపోవాలని చూసే మతిమరుపు తాతను మాటల్లో పెట్టి వెనక్కి తీసుకురావాలి. రాత్రి డ్యూటీలో ఉండేది ఒక్క ఆయా. పైగా బరువైన మనిషిని ఒక్కరు తిప్పాలంటే ఈడ్వక తప్పదు, అలా ఈడ్చినప్పుడు పైచర్మం పరుపుకు అతుక్కుని లోపలి కండ కదిలి పుండుకు దారి తీస్తుంది. ఇద్దరు ఉండి దుప్పటితో సహా ఎత్తి జరిపితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. రాత్రి ఒక్కరినే పెట్టాలని నిర్ణయించినది ఆయా కాదు. ఆ జాబితా మీద సంతకం చేసింది నేను, మంజూరు చేసింది ట్రస్టు కమిటీ. పని చేతకాక జరిగిన తప్పులని మనం అనుకునేవాటిలో ఎన్నో, పని చేయడానికి మనిషి లేక జరిగినవని ఆ కాగితం చూశాకే నాకు అర్థమయింది.

ఈ లెక్క నేను కొత్తగా కనిపెట్టినది కాదు. ఆస్ట్రేలియా దేశంలో వృద్ధుల సంరక్షణ కేంద్రాల దుస్థితి మీద 2018లో రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘాన్ని వేశారు, 2021 మార్చిలో తుది నివేదిక బయటికి వచ్చింది, అందులో 148 సిఫారసులు ఉన్నాయి. వాటి ఫలితంగా 2023 జూలై నుంచి ప్రతి కేంద్రంలో 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలన్నారు. 2024 అక్టోబరు నుంచి ఒక్కొక్క వృద్ధునికి రోజుకు సగటున 215 నిమిషాల సంరక్షణ అందాలని, అందులో 44 నిమిషాలు నర్సు చేతి మీదుగా అందాలని నిర్ణయించారు. మా అప్పటి లెక్క చూస్తే, ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు, తలా ఎనిమిది గంటలు, మొత్తం 2880 నిమిషాలు. 38 మందికి పంచితే మనిషికి 76 నిమిషాలు కూడా లేదు. నా ఎనిమిది గంటలను కలిపినా 88 నిమిషాలు. అందులోనే గదులు ఊడ్చడం, బట్టలు ఉతకడం ఉన్నాయి. వాళ్ల కేంద్రాల్లో చేరేవారు చాలావరకు బాగా నీరసించిన తరువాత చేరినవారే, మా దగ్గర 31 మంది తమ పని తాము చేసుకోగలవారు, కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి తూచకూడదని నాకు తెలుసు. కానీ ఒక మనిషికి రోజుకు ఎన్ని నిమిషాలు దక్కుతున్నాయి అని లెక్క కట్టడమన్నది మన దగ్గర ఏ కమిటీ సమావేశంలోనూ నేను వినలేదు. బియ్యం బస్తాల లెక్క, కరెంటు బిల్లు లెక్క విన్నాను.

మన చట్టం ఈ విషయంలో మనకు పెద్దగా తోడు రాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 19వ సెక్షన్, నిరుపేద వృద్ధులు కనీసం 150 మంది ఉండటానికి వీలుగా జిల్లాకు ఒకటి చొప్పున మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం వృద్ధాశ్రమాలు నెలకొల్పవచ్చునని చెబుతుంది. నెలకొల్పి తీరాలని చెప్పదు. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలను రాష్ట్రమే నిర్ణయించవచ్చునని కూడా అందులోనే ఉంది. ఎంతమందికి ఎందరు ఆయాలు, రాత్రి ఎందరు, వాళ్లకు ఏమి తెలిసి ఉండాలి అన్నవి ఆ చట్టంలో లేవు. ప్రైవేటు ఆశ్రమాలను రిజిస్టర్ చేసి కనీస ప్రమాణాలు పెట్టాలన్న సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి ఆశ్రమం నడిపేవారి మనస్సాక్షే ప్రస్తుతానికి ప్రమాణం. అది నాకు ఎంతమాత్రం నచ్చని స్థితి, ఎందుకంటే నా మనస్సాక్షి శుభ్రంగా ఉన్న రోజుల్లోనే అవ్వకు పుండు పడింది.

రాత్రికి రెండో ఆయా కోసం కమిటీ ముందుకు ఆ లెక్క వేసిన కాగితంతో వెళ్లాను. వాళ్లు మంచివాళ్లు, తమ జేబులోంచి పెట్టి ఆశ్రమం నడుపుతున్నవాళ్లు. డబ్బు లేదన్నారు, అది నిజమే. అయితే మా దగ్గర డబ్బు రాని చోటు ఒకటి ఉంటే, అవసరానికి మించి వచ్చే చోటు ఇంకొకటి ఉంది. పుట్టినరోజు, పెళ్లిరోజు, పెద్దల వర్ధంతి అని దాతలు వచ్చి ప్రత్యేక భోజనం పెట్టిస్తారు. నెలకు పది పన్నెండు రోజులు అలాంటివే. పూర్ణాలు, గారెలు, బిర్యానీ, మిఠాయి. పెట్టే చేతులు ప్రేమతోనే పెడతాయి. కానీ రాగి సంగటి, జొన్నరొట్టె తిని పెరిగిన కడుపులు అవి, అందులో సగం మందికి షుగరు. రెండు రోజుల ప్రత్యేక భోజనానికి అయ్యే ఖర్చుతో ఒక ఆయాకు నెల జీతం ఇవ్వవచ్చు.

ఆ దాతల విషయంలోనే ఇంకొక ఉదయం జరిగింది చెప్పాలి. టిఫిన్ తామే వడ్డిస్తామని, ఎనిమిదింటికల్లా వస్తామని ఒక కుటుంబం చెప్పింది. షుగరు మాత్రలు ఏడున్నరకు ఇచ్చేశాము. మా దగ్గర ఎక్కువమంది వాడేది గ్లిమిపిరైడ్, అది వేసుకుంటే వెంటనే తినాలి. వాళ్లు వచ్చేసరికి తొమ్మిది ముప్పావు. ఫోటోలు తీస్తుండగా ఒక తాత పళ్లెం తోసేసి, పక్కనున్న మనిషిని తిట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు మొండితనం ఎక్కువని అందరికీ తెలుసు కనుక నేను కూడా వచ్చినవారి ముందు పరువు పోయిందనే అనుకున్నాను. వంటమనిషి మాత్రం దగ్గరికి వెళ్లి ఆయన నుదురు తుడిచి, "సల్లసెమట పట్టింది మేడం" అని కేక వేసింది. గ్లూకోమీటరులో 48 చూపించింది. 70 కన్నా తగ్గితేనే ప్రమాదం. ఇంకా మింగగలుగుతున్నాడు కాబట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, 81 వచ్చాక ఉగ్గాని తినిపించాము. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. ఆ రోజు నుంచి మా దగ్గర ఏ పూట తిండీ దాతల కోసం ఆగదు. వాళ్లు ఎప్పుడు వస్తే అప్పుడు తాతల పక్కన కూర్చుని మాట్లాడమని చెబుతాము. ఆ కుటుంబంలోని పెద్దాయనకు ఈ సంగతి వివరించి, ఏడాదికి రెండు రోజుల భోజనానికి బదులు ఒక నెల రాత్రి ఆయా జీతం ఇవ్వగలరా అని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అడిగిన వారిలో ఇంకో ఐదుగురు ఒప్పుకున్నారు. ఒకరు నొచ్చుకుని రావడం మానేశారు. అన్నం పెడితే పుణ్యం వస్తుంది కానీ జీతం ఇస్తే ఏమొస్తుందని ఆయన అడిగినప్పుడు, రాత్రి మూడు గంటలకు తడిసిన గుడ్డ మార్చే చెయ్యి కూడా అన్నదానమంత పుణ్యమే అని చెప్పాను. ఆయనకు ఆ మాట ఎక్కలేదు.

రెండో ఆయా వచ్చాక చేసిన మార్పుల్లో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది డ్యూటీ మారే వేళది. అంతకు ముందు రాత్రి ఆయా తాళాలు ఇచ్చి, అందరూ బాగున్నారు మేడం అని చెప్పి వెళ్లిపోయేది. ఇప్పుడు పొద్దున ఆరు గంటలకు రాత్రివాళ్లు, పగటివాళ్లు, నేను కలిసి మంచం మంచం తిరుగుతాం. ప్రతి మంచం దగ్గర ముందు ఆయా మాట్లాడాలి, ఆమె ముగించేదాకా నేను మాట్లాడకూడదు. ఈ నియమం వాళ్ల కోసం పెట్టినట్టు కనిపిస్తుంది కానీ నిజానికి నా నోటికి వేసుకున్న తాళం. చదవడం, రాయడం రానివాళ్లు ఉన్నారు కనుక మనిషి ఆకారం ముందువైపు, వెనుకవైపు గీసిన కాగితాలు జిరాక్స్ తీయించి పెట్టాను. వెచ్చగా తగిలిన చోట, కమిలిన చోట, నొప్పి అన్న చోట ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. సున్నా చుట్టిన ప్రతి చోటా నేను నా అరచేతి వెనుక భాగాన్ని ఆనించి చూసి, పక్కన సంతకం పెట్టాలి. నాకు ఏమీ తెలియకపోయినా సరే, సున్నా కొట్టివేయకూడదు, మరుసటి రోజు మళ్లీ చూడాలి.

మొదటి నెల రోజులు ఎవరూ నోరు విప్పలేదు. అందరూ బాగున్నారు అనే మాటే మంచం మంచానికీ వినిపించింది. మనిషిని ఒక్కసారి తిట్టి నోరు మూయించడానికి అర నిమిషం చాలు, తిరిగి తెరిపించడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ నోళ్లు మొదట తెరుచుకున్నది ఒక రిటైర్డ్ టీచరు గారి విషయంలో. ఆయనకు 80 దాటాయి, పొద్దున లేవగానే మంచం మీద కూర్చుని శతక పద్యాలు గట్టిగా చదువుతారు. ఒకరోజు ఆయన మంచం దగ్గర ఆయా కాసేపు తటపటాయించి, "సారు ఈ పొద్దు నిన్నటి మనిషి కాదు మేడం. పద్యం నడమ నిలిపేసినాడు, నన్ను సూసి వాళ్లక్క పేరు పెట్టి పిలిచినాడు" అంది. జ్వరం లేదు, బీపీ బాగుంది, షుగరు బాగుంది. పాత నేనైతే వయసు మీద పడింది, మతిమరుపు మొదలయిందని ముందుకు కదిలేదాన్ని. ఆ రోజు ఆయన మంచం దగ్గర ఆగాను. ముసలివారిలో మతి ఉన్నట్టుండి ఒక్క రోజులో తారుమారు అయిందంటే అది సాధారణంగా మతిమరుపు జబ్బు కాదు, అది నెలలు సంవత్సరాలు పట్టి మెల్లగా వస్తుంది. ఒక్క రాత్రిలో వచ్చిన మార్పుకు మూత్రంలో ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో నెమ్మో, ఒంట్లో సోడియం తగ్గడమో, మలబద్ధకమో, కొత్తగా మొదలుపెట్టిన మాత్రో కారణం కావచ్చు, ముసలి ఒంట్లో ఇన్ఫెక్షన్ జ్వరం రాకుండానే ముదరవచ్చు. మూత్ర పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. డాక్టరు గారు రాసిన మందుతో నాలుగో రోజు పొద్దున పద్యం చివరిదాకా చదివారు. "నిన్నటి మనిషి కాదు" అన్న మాటను ఆ రోజే మా రిజిస్టరులో ఒక గుర్తుగా చేర్చాను. ఆ మాట ఎవరు అన్నా, వంటమనిషి అన్నా, వాచ్‌మన్ అన్నా, ఆ రోజు నేను ఆ మనిషిని తల నుంచి పాదం దాకా చూడాలి.

వంటగది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమైనప్పుడు పలచని నీళ్లే ఎక్కువ ప్రమాదం, గొంతులో అదుపు తప్పి ఊపిరి గొట్టంలోకి జారతాయి. కాస్త చిక్కగా కాచిన రాగి జావ నింపాదిగా దిగుతుంది. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. ఇది డాక్టరు చెప్పాక వంటమనిషి తానే మూడు రకాల చిక్కదనంలో జావ కాచి, ఎవరికి ఏది దిగుతున్నదో చూసి చెప్పింది. మే నెలలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నీళ్ల విషయంలోనూ అంతే. వయసు పెరిగితే దాహం తెలియడం తగ్గుతుంది, వద్దంటారు, పైగా బాత్రూముకు లేవాల్సి వస్తుందని తాగరు. గంటకు ఒకసారి గ్లాసు పట్టుకుని తిరిగేది ఎవరో పేరు రాసి పెట్టకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

పుండు సంగతి ముందుగా కనిపెట్టిన ఆ ఆయా ఇప్పుడు మా దగ్గర లేదు. మూడు వేలు ఎక్కువ ఇస్తామంటే పోయిన ఏడాది బెంగళూరులో ఇళ్లకు సంరక్షకులను పంపే ఒక సంస్థలో చేరింది. ఆపమని అడిగే హక్కు నాకు లేదు, మేము ఇచ్చేది తక్కువేనని నాకు తెలుసు. వెళ్లేముందు పది రోజులు కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని రాత్రి డ్యూటీ చేయమని మాత్రం అడిగాను, ఆ పది రోజులకూ ఆమెకు ఆయా జీతం కాకుండా, శిక్షణ ఇచ్చినందుకు వేరుగా డబ్బు ఇప్పించాను. ఆమె జీవితంలో చదువు చెప్పినందుకు డబ్బు అందుకోవడం అదే మొదటిసారి. నేర్పు ఉన్న మనిషి వెళ్లిపోతే నేర్పు కూడా వెళ్లిపోకూడదంటే, దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టే పనికి వేళ కేటాయించాలి, డబ్బు కేటాయించాలి. ఒక్క రోజు క్లాసు పెట్టి సర్టిఫికెట్లు పంచితే అది జరగదు. కొత్తమ్మాయి ఇప్పటికీ మడమను చూసేటప్పుడు ముందు చేయి పెట్టి, తరువాత దీపం వేస్తుంది.

మా ఊళ్లలో తల్లినో తండ్రినో ఆశ్రమంలో చేర్చవలసి వచ్చినవారు నాకు ఫోను చేసి, ఏ ఆశ్రమం మంచిది అని అడుగుతుంటారు. పేర్లు చెప్పను. వెళ్లినప్పుడు గచ్చు ఎంత మెరుస్తోంది, దేవుడి గది ఎంత పెద్దది అన్నవి చూసి తిరిగి రావద్దని చెబుతాను. వీలయితే చీకటి పడ్డాక వెళ్లండి, రాత్రి డ్యూటీలో ఎందరున్నారో, మంచం దిగలేనివారు ఎందరున్నారో అడిగి నేను పైన వేసిన లెక్క మీరూ వేయండి. పొద్దున టిఫిన్ ఏ వేళకు, మాత్రలు ఏ వేళకు అని అడగండి. ఇబ్బంది వస్తే వృద్ధుల కోసం ఉన్న 14567 నంబరుకు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా ఫోను చేయవచ్చు. అన్నిటికన్నా ముందు మంచం దిగలేని ఎవరైనా ఒకరి దగ్గర నిలబడి, అక్కడున్న ఆయాను, ఈ అవ్వను రాత్రి ఎన్నిసార్లు తిప్పుతారమ్మా అని అడగండి. ఆమె ఏ అంకె చెబుతుందన్నది తరువాత సంగతి, చెప్పేముందు ఆమె కళ్లు అవ్వ వైపు వెళ్లాయా, మేనేజరు ముఖం వైపు వెళ్లాయా అన్నది గమనించండి. మా ఆశ్రమానికి కూడా ఏ వేళనైనా వచ్చి ఆ ప్రశ్న అడగవచ్చు. వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాను, గేటు తీస్తాడు.